వాగులో కలిసిన మందు – మందుకు లొంగని క్రిమి



ఈ ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు ఏవైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నా ఉద్యోగ జీవితమంతా నీటి పరీక్షల ప్రయోగశాలలోనే గడిచింది. నమూనా సీసాలు, గాజు పళ్ళేలు, ఇంక్యుబేటరు, రిజిస్టర్లు – ఇంతకు మించి చెప్పుకోదగ్గ సాహసాలేవీ నా సర్వీసులో లేవు. అందుచేత నా గురించి కాక, నా వృత్తికి దగ్గరైన ఒక చరిత్రను వ్రాస్తున్నాను. మన తరం కళ్ళ ముందే మొదలై, మన కళ్ళ ముందే మలుపు తిరిగిన చరిత్ర ఇది. యాంటీబయోటిక్ మందులు ఎలా వచ్చాయి, మన హైదరాబాదు పక్కనున్న వాగుల్లోకి ఎలా చేరాయి, ఆ నీటిలోని క్రిములు ఏమి నేర్చుకున్నాయి అన్నదే విషయం. సైన్సు చదవని వారికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మందు వచ్చిన రోజులు

మనలో పెద్దవారికి టైఫాయిడ్ అంటే ఏమిటో బాగా తెలుసు. మా అమ్మ దాన్ని సన్నిపాత జ్వరం అనేది. ఇంట్లో ఒకరికి వచ్చిందంటే మూడు వారాలపాటు గండమే. బార్లీ నీళ్ళు, పథ్యం, దేవుడికి మొక్కులు తప్ప వైద్యుడి చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు.

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది పెద్ద ఎత్తున తయారైంది. ఆ తరువాతి ఘట్టంలో మన తెలుగువాడి పాత్ర ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందును వెలికితీశాడు. 1948లో దాని సంగతి లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దక్క. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు కన్నుమూశారు. అదే కాలంలో వచ్చిన క్లోరామ్‌ఫెనికాల్ టైఫాయిడ్‌ను కొన్ని రోజుల్లోనే అణచివేసింది. మూడు వారాల గండం గడిచిపోయిందని జనం ఊపిరి పీల్చుకున్నారు.

స్వతంత్ర భారతం కూడా ఆలస్యం చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల సాయంతో 1954లో పూనా దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ ఏర్పడింది. 1961లో సోవియట్ సహకారంతో ఐడీపీఎల్ ఏర్పడింది. దాని యాంటీబయోటిక్ కర్మాగారం రిషీకేశ్‌లోనూ, సింథటిక్ మందుల కర్మాగారం మన బాలానగర్‌లోనూ వచ్చాయి. 1970 నాటి పేటెంట్ చట్టం 1972లో అమలులోకి వచ్చాక, మందు తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేకుండా పోయింది. వేరే పద్ధతిలో అదే మందును మనవారు తక్కువ ధరకు చేయగలిగారు. ఐడీపీఎల్‌లో పనిచేసి అనుభవం గడించినవారు పలువురు బయటికి వచ్చి స్వంతంగా కంపెనీలు పెట్టుకున్నారు. హైదరాబాదు దేశానికే మందుల రాజధాని అయింది. ఈనాడు మనం తక్కువ ధరకు మాత్ర కొనగలుగుతున్నామంటే ఆ శ్రమ ఫలితమే. ఆ సంగతి మరచి వ్రాయడం ధర్మం కాదు.

క్రిమి నేర్చిన పాఠం

1945 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు ఫ్లెమింగ్ తన ప్రసంగంలోనే ఒక హెచ్చరిక చేశాడు. చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిములు చావకపోగా, ఆ మందుకు తట్టుకోవడం నేర్చుకుంటాయని అన్నాడు. ఆనాడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. "ఎక్కువ మందులు వాడి ఒంటికి అలవాటైపోయింది, అందుకే పనిచేయడం లేదు" అని మనలో చాలామంది అంటూంటారు. అలవాటు పడేది మన ఒళ్ళు కాదు, క్రిమి. కోటి క్రిములున్న చోట ఏ రెండింటికో మందును తట్టుకునే గుణం ఉంటుంది. మందు పడితే మిగతావన్నీ చచ్చి, ఆ రెండూ మిగులుతాయి. పోటీ లేదు, తిండికి కొదవ లేదు. అనుకూలమైన చోట కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. తెల్లవారేసరికి ఆ రెండింటి సంతానమే అంతా.

అంతకన్నా వింత సంగతి 1959లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రక్త విరేచనాలు కలిగించే క్రిమి ఒకేసారి నాలుగు మందులకు లొంగకపోవడం, ఆ గుణాన్ని పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా అందించడం వారు చూశారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒక సెక్షనులో తయారైన ఆర్డరు కాపీని పక్క సెక్షనుకు, అక్కడి నుండి వేరే శాఖకు పంపినట్లే. క్రిమి కణంలో ప్లాస్మిడ్ అనే చిన్న జన్యు చక్రం ఉంటుంది. ఆ కాపీ అదే. ఒక కాపీలో నాలుగైదు మందుల కిటుకులు ఉండవచ్చు. ఇచ్చే క్రిమి మన జోలికి రాని సాదా బురద క్రిమి కావచ్చు, పుచ్చుకునేది మనిషిని మంచాన పడవేసేది కావచ్చు.

ఫలితం కనిపించడానికి ఎంతో కాలం పట్టలేదు. 1972లో కేరళలోని కాలికట్‌లో క్లోరామ్‌ఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. 1990 ప్రాంతానికి దేశంలో చాలాచోట్ల టైఫాయిడ్ పాత మందులు మూడింటికీ లొంగడం మానేసింది. అప్పటికి అందివచ్చిన కొత్త మందు సిప్రోఫ్లాక్సాసిన్. ఈ పేరు గుర్తుంచుకోండి. మన కథలో ముఖ్య పాత్ర దీనిదే.

ఇసకవాగు, నక్కవాగు, మంజీర

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన మెదక్ సీమకు వచ్చి, నిజాంసాగర్ దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటాన్‌చెరు పక్కనుండి ఇసకవాగు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి పారుతాయి. పేర్లు చిన్నవైనా వాటి ఒడ్డున వరి, చెరకు పండేవి. పశువులు తాగేవి. జనం ఇసుకలో చెలమలు తీసి నీళ్ళు ముంచుకునేవారు.

1970లలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో పారిశ్రామికవాడలు వెలిశాయి. 1980లో మెదక్ నియోజకవర్గం నుండి ఇందిరాగాంధీ లోక్‌సభకు ఎన్నికయ్యాక ఆ ప్రాంతానికి ప్రాముఖ్యం మరింత పెరిగింది. ఉద్యోగాలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. వాటితోపాటు వాగుకు రంగు, వాసన కూడా వచ్చాయి. పంట మాడిపోయిందని, గొడ్లు చస్తున్నాయని, బావి నీరు నోట పెట్టలేకున్నామని రైతులు మొరపెట్టుకున్నారు. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు గారు వారి పక్షాన నిలిచి దశాబ్దాల తరబడి పోరాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు నష్టపరిహారం, గ్రామాలకు మంచినీరు ఇవ్వాలని కోర్టు ఆదేశాలిచ్చింది. 1994లో అనేక కర్మాగారాల మురుగును ఒకేచోట శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం పటాన్‌చెరులో పనిచేయడం మొదలుపెట్టింది. టాంకర్లలో వ్యర్థజలం అక్కడికి వచ్చేది, శుద్ధి చేశాక ఇసకవాగులోకి వదిలేవారు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. నీటిని పరీక్షించే ఏ ప్రయోగశాలలోనైనా ముందుగా అచ్చయిన ఫారం ఒకటి ఉంటుంది. ఆమ్ల క్షార గుణం ఎంత, కరిగిన లవణాలెన్ని, ప్రాణవాయువును హరించే మలినం ఎంత, మల సంబంధమైన క్రిములు ఉన్నాయా – ఇవీ అందులోని గడులు. గడి ఉన్నదాన్ని కొలుస్తాము, గడి లేనిదాన్ని కొలవము. "ఈ నీటిలో మందు ఎంత ఉన్నది?" అనే గడి ఏ ఫారంలోనూ లేదు. ఇక్కడే కాదు, లోకంలో ఎక్కడా దాదాపు లేదు. మందు అనేది రోగి కడుపులోకి పోయేది గాని, వాగులోకి పోయేది అని ఎవరికీ తట్టలేదు.

బిందెడు నీటికి ఒక మాత్ర

ఆ గడిని మొదట నింపినవారు స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్‌కు చెందిన యోయాకిమ్ లార్సన్, ఆయన సహచరులు. దాదాపు తొంభై మందుల కర్మాగారాల మురుగును తీసుకునే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుండి, శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని వారు పరీక్షించారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ 31,000 మైక్రోగ్రాముల దాకా ఉన్నది. అంటే 31 మిల్లీగ్రాములు.

ఈ లెక్కను మన ఇంటి కొలతలోకి మార్చి చూద్దాం. డాక్టరు వ్రాసే మాత్ర 500 మిల్లీగ్రాములు. పదహారు లీటర్ల నీరు, అంటే ఒక పెద్ద బిందెడు నీరు తీసుకుంటే అందులో ఒక మాత్ర కరిగి ఉన్నట్లు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఆ నీటిలోనే మందు చిక్కగా ఉన్నది. రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు అలా బయటికి వస్తూంటే, అందులో పోయే సిప్రోఫ్లాక్సాసిన్ 45 కిలోలని వారు లెక్కకట్టారు. మాత్రల్లో చెప్పాలంటే 90,000. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా సగటున ఐదు రోజుల్లో వాడే మందు ఇక్కడ ఒక్కరోజులో వాగు పాలయ్యేదన్నమాట.

2009లో మరో పరిశోధన అక్కడి చెరువుల్లోనూ, గ్రామాల బావుల్లోనూ కూడా మందులున్నట్లు తేల్చింది. 2011లో వాగు అడుగున ఉన్న మట్టిలోని జన్యువులను చదివి చూస్తే, పలురకాల మందులను తట్టుకునే జన్యువులు, వాటిని ఒక క్రిమి నుండి మరో క్రిమికి మోసుకుపోయే ప్లాస్మిడ్లు కుప్పలుగా కనిపించాయి. 2013లో ఆ శుద్ధి కేంద్రంలోని క్రిముల్నే పట్టి 39 యాంటీబయోటిక్‌లతో పరీక్షించారు. నూటికి 86 క్రిమి రకాలు 20 గాని, అంతకు మించి గాని మందులకు లొంగలేదు. శుద్ధి చేసేందుకు కట్టిన తొట్టెలే వాటికి బడి అయినాయి. కారణం తేలికగా ఊహించవచ్చు. మురుగును అరిగించడానికి అక్కడ క్రిముల్నే పెంచుతారు. తిండీ, మందూ, లెక్కలేనన్ని క్రిములూ ఒకే తొట్టెలో ఉంటే, మందుకు తట్టుకున్నవే బతికి, ఆ కిటుకును ఇరుగుపొరుగుకు పంచుతాయి.

తరువాత ఆ శుద్ధి చేసిన నీటిని వాగులోకి వదలకుండా, సుమారు 18 కిలోమీటర్ల పైపు వేసి నగరపు మురుగులో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రం ద్వారా మూసీకి పంపే ఏర్పాటు చేశారు. ఇసకవాగుకు కొంత ఊరట కలిగిన మాట నిజమే. కాని మందు కలిసిన నీరు, లక్షలాది మనుషుల కడుపులోని క్రిములు కలిసిన నీరు ఒకేచోట కలుసుకున్నాయి. మంజీర గోదావరిలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తెలుగువారి రెండు పెద్ద నదులకూ ఈ కథతో సంబంధం ఉన్నదని గ్రహించాలి.

తరువాతి కాలంలో ద్రవ వ్యర్థాలు గేటు దాటకూడదన్న పద్ధతి చాలా కర్మాగారాల్లోకి వచ్చింది. అయినా 2016 నవంబరులో జర్మనీ పరిశోధకులు హైదరాబాదు చుట్టుపక్కల 28 చోట్ల నీటిని తీసి చూస్తే, మందులు, మందులకు లొంగని క్రిములు దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

తిలా పాపం తలా పిడికెడు

నేరమంతా కర్మాగారాలదే అంటే అది సగం సత్యమే. 2011లో ఢిల్లీ నగరంలో వీధి గుంటల నీటిని, కొళాయి నీటిని పరీక్షించారు. ఆఖరి అస్త్రంగా దాచుకున్న మందులను కూడా పనికిరాకుండా చేసే ఎన్.డి.ఎం.-1 అనే జన్యువు 171 గుంటల నమూనాల్లో 51లోనూ, 50 కొళాయి నమూనాల్లో రెండింటిలోనూ బయటపడింది. అది ప్రధానంగా మన మురుగు కాలువల పాపమే. మనం మింగిన మందులో కొంత భాగం మన ఒంట్లోంచి అలాగే బయటికి పోతుంది. కోళ్ళకు, పశువులకు, చెరువు చేపలకు వాడిన మందు కూడా చివరికి చేరేది నీటిలోకే.

అలాగని అనవసరంగా భయపడనక్కరలేదు. నదిలోని మొండి క్రిములన్నీ మనకు జబ్బు చేసేవి కావు. పారే నీటికి దోషం లేదని మన పెద్దలు అనేవారు. 1896లోనే హాంకిన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గంగా యమునల నీటిలో కలరా క్రిములు చస్తున్నట్లు గమనించి వ్రాశాడు. నదికి తనను తాను శుభ్రపరచుకునే శక్తి ఉన్నది. కాని నీటిలోనే మందు కలిసినప్పుడు ఆ శక్తి తారుమారవుతుంది. మందుకు లొంగే సాధు క్రిములు పోయి, మొండివి మిగులుతాయి. వాటి దగ్గరున్న జన్యువు కాపీ ఏనాటికైనా మన ఇంటి క్రిమికి చేరవచ్చునన్నదే అసలు ఆందోళన.

అది ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. మూడేళ్ళ క్రితం నా భార్యకు మూత్రంలో మంటతో జ్వరం వచ్చింది. వెనకటికైతే ఐదు రోజుల మాత్రలతో పోయే జబ్బు. కల్చర్ రిపోర్టు నా చేతికి ఇచ్చారు. నా సర్వీసులో అటువంటి కాగితాలు ఎన్నో చూశాను గాని, ఇంటి మనిషి పేరుతో చూడడం అదే మొదలు. పద్నాలుగు మందుల పేర్లు, పదకొండింటికి ఎదురుగా "లొంగదు" అన్న గుర్తు. సిప్రోఫ్లాక్సాసిన్ కూడా అందులో ఉన్నది. చివరికి ఇంజెక్షన్లతో, పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఆమె కోలుకున్నది. ఆ క్రిమి ఏ వాగు నుండి వచ్చిందని అడిగితే ఎవరు చెప్పగలరు? కాని ఇటువంటి రిపోర్టు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నది. 2019 ఒక్క సంవత్సరంలోనే మందులకు లొంగని బాక్టీరియా కారణంగా ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని 2022లో ప్రచురితమైన అంచనా. మన వయసువారికి, పసిపిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

గడి ఇంకా ఖాళీగానే

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ప్రకటించింది. మందుల కర్మాగారాల వ్యర్థజలంలో ఏ యాంటీబయోటిక్ ఎంతకు మించరాదో అందులో పరిమితులు పెట్టారు. ఫారంలో గడి వచ్చిందని నేను ఎంతో సంతోషించాను. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వెలువడ్డాయి. ఆ పరిమితులు వాటిలో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ తయారీ వ్యర్థాలపై తొలిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి సలహాలే గాని చట్టం కావు.

మన చేతిలో ఉన్నవి కొన్ని మనవి చేస్తాను. జలుబుకు, వైరస్ జ్వరానికి యాంటీబయోటిక్ పనిచేయదు. మనం అడగకూడదు, డాక్టరు గారిని ఒత్తిడి చేయకూడదు. స్ట్రిప్‌పై నిలువుగా ఎర్రగీత ఉన్న మందును చీటీ లేకుండా కొనకూడదు. వ్రాసినన్ని రోజులు, వ్రాసిన మోతాదులో వాడాలి. మిగిలిన మాత్రలను మనవడికో, పక్కింటివారికో ఇవ్వకూడదు, సింకులో గాని మరుగుదొడ్డిలో గాని పారవేయకూడదు. జబ్బు తిరగబెడితే మందు మార్చేముందు కల్చర్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగాలి.

ఇవన్నీ చేసినా వాగు బాగుపడదు. దానికి నిబంధన కావాలి. మనమంతా జీవితకాలం రిజిస్టర్లతో గడిపినవాళ్ళం. రిజిస్టరులో ఎక్కనిది ఉన్నా లేనట్టేనని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? కనుక నాదొక ప్రతిపాదన. మందుల కర్మాగారాల నుండి, శుద్ధి కేంద్రాల నుండి వచ్చే నీటిలో యాంటీబయోటిక్ ఎంత ఉన్నదో కొలిచి, ఆ అంకెలను ప్రజలకు తెలియజేయాలనీ, 2020 ముసాయిదాలోని పరిమితులను మళ్ళీ నిబంధనల్లో చేర్చాలనీ కోరుతూ మన సంఘం తరఫున రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలకు వినతిపత్రం పంపాలి. కరువు భత్యం కోసం ఎన్నో వినతిపత్రాలు పంపాము. అవి మన కోసం. ఇది మన మనవలు, మనవరాళ్ళ కోసం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానాన్ని చర్చకు పెట్టవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను. ముసాయిదా వ్రాసే పని నేను చేస్తాను.